సంతకం పెట్టని కెప్టెన్

1909 ఏప్రిల్ 24న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ తొలిసారి ఎఫ్‌ఏ కప్ గెలిచింది. బ్రిస్టల్ సిటీ మీద ఒకటి-సున్నా. గోల్ కొట్టింది శాండీ టర్న్‌బుల్, కప్పు అందుకుంది కెప్టెన్ చార్లీ రాబర్ట్స్. పది వారాలు తిరిగేసరికి, ఇంగ్లండ్‌లో ఆటని నడిపే, కప్పు చేతికిచ్చిన ఆ ఫుట్‌బాల్ అసోసియేషనే (ఎఫ్‌ఏ) కెప్టెన్‌నీ, అతని జట్టునీ ఆట ఆడకుండా సస్పెండ్ చేసింది.

వాళ్లు చేసిన తప్పల్లా ఒక్కటే. ఆటగాళ్ల యూనియన్ వదిలేస్తున్నామని సంతకం పెట్టమంటే పెట్టలేదు.

ఉద్యోగం పని మీద నేను రెండేళ్లు మాంచెస్టర్‌లో ఉన్నాను. అక్కడ ఆఫీసులో ఎవరిని కదిపినా ఫుట్‌బాలే. యునైటెడ్ యూరప్ కప్పు గెలిచిన 1968 గురించి చెబుతారు, 1999 గురించి చెబుతారు. మేనేజర్లు బస్బీ, ఫెర్గూసన్, ఆటగాడు జార్జ్ బెస్ట్ పేర్లు మన ఇళ్లలో ఎన్టీఆర్, ఏఎన్నార్ పేర్లు దొర్లినట్టు దొర్లుతాయి. చార్లీ రాబర్ట్స్ పేరు మాత్రం ఆ రెండేళ్లలో ఒక్కరి నోటా వినలేదు. నాకు అతను దొరికింది ఒక పాత ఫొటోలో. మైదానం దగ్గర కొందరు ఆటగాళ్లు గుంపుగా ఉన్నారు, ముందు ఒక పలక, దాని మీద చేత్తో రాసిన అక్షరాలు: అవుట్‌కాస్ట్స్ ఫుట్‌బాల్ క్లబ్, 1909. వెలివేతకు గురైన వాళ్ల క్లబ్బు అన్నమాట. ఆ ఫొటో చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

రాబర్ట్స్ 1883లో డార్లింగ్టన్‌లోని రైజ్ కార్ అనే పేటలో పుట్టాడు. ఇంగ్లండ్ ఈశాన్యాన రైలు పనులకీ, ఇనప పనులకీ పేరుపడ్డ ఊరు అది. బిషప్ ఆక్లండ్‌కి ఆడాడు, తర్వాత గ్రిమ్స్‌బీ టౌన్‌లో ఒక సీజన్. 1904 ఏప్రిల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని 600 పౌండ్లకి కొనుక్కుంది. అప్పటికి యునైటెడ్ ఇప్పుడు మనకు తెలిసిన యునైటెడ్ కాదు. రెండేళ్ల కిందటి దాకా న్యూటన్ హీత్ అనే పేరుతో అప్పుల్లో మునిగి, జాన్ హెన్రీ డేవిస్ అనే బీరు తయారీ వ్యాపారి చెయ్యందిస్తే బతికి బట్టకట్టిన రెండో డివిజన్ క్లబ్బు, అంటే లీగ్‌లో కింది మెట్టు. ఆ క్లబ్బుకి రాబర్ట్స్ సెంటర్ హాఫ్.

ఆ రోజుల్లో సెంటర్ హాఫ్ అంటే ఇప్పటిలా గోల్ ముందు కాపలా కాసే డిఫెండర్ కాదు. మైదానం నడిబొడ్డున నిలబడి, ఎదుటివాళ్ల దాడిని అడ్డుకోవాలి, బంతి దొరకగానే తన వాళ్ల దాడిని మొదలుపెట్టాలి. జట్టు ఊపిరంతా అక్కడే ఉండేది. కుడిపక్క డిక్ డక్‌వర్త్, ఎడమపక్క అలెక్ బెల్, మధ్యలో రాబర్ట్స్. ఈ ముగ్గురి వరుస మీదే యునైటెడ్ 1906లో మొదటి డివిజన్‌కి ఎక్కింది, 1908లో లీగ్ గెలిచింది, మరుసటి ఏడాది కప్పు, 1911లో మళ్లీ లీగ్. రాబర్ట్స్ ఆ క్లబ్బుకి 302 మ్యాచ్‌లు ఆడాడు, 23 గోల్స్ కొట్టాడు. మనిషి పాలిపోయినట్టు ఉండేవాడట, అందుకే బూట్లు తొడుక్కున్న దెయ్యం అని పేరు పెట్టారు. నిక్కరు మోకాళ్లు కప్పాలని 1904లో అసోసియేషన్ రూలు పెడితే, ఇతను పొట్టి నిక్కరుతోనే దిగేవాడు. పరిగెత్తేవాడికి మోకాళ్లకు గుడ్డ అడ్డుపడితే ఎలా ఉంటుందో ఆఫీసులో కూర్చున్నవాళ్లకేం తెలుసు? ఇది చిన్న విషయమే. కానీ అతని స్వభావం నాకు మొదట ఇక్కడే కనబడింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆనాటి ఆటగాడి బతుకు ఎలా ఉండేదో చెప్పకపోతే సంతకం గొడవ అర్థం కాదు.

1901 నుంచి జీతానికి ఒక గరిష్ఠ పరిమితి ఉండేది. వారానికి 4 పౌండ్లు, ఏడాదికి 208. ఎంత గొప్పగా ఆడినా అంతకు మించి ఇవ్వకూడదు. క్లబ్బు ఇస్తానన్నా నేరమే. దాన్ని మించిన సంకెల ఇంకొకటి ఉంది. సీజన్ అయిపోయాక క్లబ్బు ఒక ఆటగాడిని అట్టిపెట్టుకుంటానని పేరు నమోదు చేస్తే, అతను లీగ్‌లో ఇంకే క్లబ్బుకీ ఆడడానికి లేదు. ఒప్పందం ముగిసినా సరే, జీతం ఇవ్వకపోయినా సరే. వదలాలా, అమ్మాలా, ఎంతకి అమ్మాలి అన్నదంతా క్లబ్బు ఇష్టం. 1905లో ఆల్ఫ్ కామన్‌ని సండర్లండ్ నుంచి మిడిల్స్‌బ్రో 1000 పౌండ్లకి కొంది. చరిత్రలో తొలిసారి ఒక ఆటగాడికి వెయ్యి పలికింది. ఆ వెయ్యికీ కామన్ జీతానికీ ఏ సంబంధమూ లేదు, అతని జీతం రూలు ప్రకారం నాలుగే.

ఇక్కడే చాలామంది ఒక మాట అంటారు, నా స్నేహితులు కూడా అన్నారు. ఆ రోజుల్లో వారానికి 4 పౌండ్లంటే తక్కువేం కాదు కదా, చేతిపని బాగా తెలిసిన కార్మికుడికి రెండు పౌండ్లు వస్తే గొప్ప, మరి వీళ్లకేం లోటు అని. మాట నిజమే. కానీ ఆ కార్మికుడు యజమానితో పడకపోతే మర్నాడే పక్క ఫ్యాక్టరీ గడప తొక్కొచ్చు. ఫుట్‌బాల్ ఆటగాడు తొక్కలేడు. పైగా అతని ఆట పదీ పన్నెండేళ్ల ముచ్చట, అది కూడా మోకాలు బాగుంటే. నాలుగు పౌండ్లు పైకప్పు మాత్రమే, చాలామందికి చేతికి అందేది అంతకంటే తక్కువే. మనిషికి ఎంత ముట్టింది అనే ఒక్క లెక్క చూసి, అతను ఎవరి చేతిలో ఉన్నాడన్నది వదిలేస్తే న్యాయం ఎలా తెలుస్తుంది?

మరి దెబ్బ తగిలితే? 1907 ఏప్రిల్‌లో యునైటెడ్ రిజర్వ్ జట్టులో థామస్ బ్లాక్‌స్టాక్ అనే స్కాట్లండ్ కుర్రాడు బంతిని తలతో కొట్టి అక్కడికక్కడే కుప్పకూలాడు. చనిపోయాడు. విచారణలో సహజ మరణం అని తేల్చేశారు, ఇంట్లోవాళ్లకి పరిహారం ఏమీ రాలేదు. అదే క్లబ్బులో, అదే డ్రెస్సింగ్ రూములో తిరిగినవాళ్ల మనసులో ఇది ఎలా మెదిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. అదే ఏడాది డిసెంబర్ 2న మాంచెస్టర్ ఇంపీరియల్ హోటల్లో ఆటగాళ్లు కూడారు. అధ్యక్షత వహించింది వేల్స్ ఆటగాడు బిల్లీ మెరెడిత్. పక్కన రాబర్ట్స్. ఆటగాళ్ల యూనియన్ అక్కడ పుట్టింది. 1898లో పెట్టిన మొదటి యూనియన్ మూడేళ్లకే అడుగంటింది కాబట్టి ఇది రెండో ప్రయత్నం. రాబర్ట్స్ తర్వాత చాలా ఏళ్లు దానికి చైర్మన్‌గా ఉన్నాడు, 1921 దాకా.

మొదట్లో అసోసియేషన్ యూనియన్‌ని గుర్తించింది కూడా. తగువు ముదిరింది కోర్టుల దగ్గర. పనిలో గాయపడ్డ కార్మికుడికి పరిహారం ఇవ్వాలనే చట్టం 1906లో వచ్చింది. ఆటగాళ్లు కూడా కార్మికులే కాబట్టి మాకూ వర్తించాలి, జీతం బాకీ పడితే కోర్టుకెళ్లే హక్కు మాకూ ఉండాలి అని యూనియన్ అడిగింది. మా అనుమతి లేకుండా క్లబ్బు మీద కోర్టుకెక్కడానికి వీల్లేదు అంది అసోసియేషన్. దేశంలో ప్రతి పౌరుడికీ ఉన్న హక్కు వీళ్లకి మాత్రం ఒక క్రీడా సంఘం దయతో రావాలట! దాని మీద యూనియన్ మిగతా కార్మిక సంఘాల సమాఖ్యతో చేతులు కలపడంతో పెద్దమనుషులకి ఒళ్లు మండింది. యూనియన్‌కి గుర్తింపు రద్దు చేశారు. 1909 జులై 1 లోపు రాజీనామా చేసి సంతకం పెట్టండి, లేదంటే ఆట లేదు, జీతం లేదు అన్నారు.

క్లబ్బు తర్వాత క్లబ్బు, ఆటగాళ్లు సంతకాలు పెట్టేశారు. జట్టుకి జట్టే పెట్టకుండా నిలబడింది ఒక్క మాంచెస్టర్ యునైటెడే.

ఇప్పుడు ఆ ఫొటో నన్నెందుకు పట్టుకుందో చెబుతాను. మా నాన్న మిల్లు కార్మికుడు. నేను ఏడో క్లాసులో ఉండగా మిల్లులో సమ్మె జరిగింది. మూడు వారాలయ్యాక ఇంటింటికీ ఒక కాగితం వచ్చింది. యూనియన్‌తో నాకు సంబంధం లేదు, ఇక మీదట ఉండబోదు అని రెండు వాక్యాలు, కింద సంతకానికి గీత. నాన్న ఆ కాగితాన్ని బియ్యం డబ్బా మీద పరిచాడు. డబ్బాలో బియ్యం అడుగున ఉన్నాయని చప్పుడే చెప్పేది. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు. అమ్మ గుమ్మంలో నిలబడింది కానీ ఏమీ అనలేదు. చివరికి పెట్టేశాడు. పక్కింటి మావయ్య పెట్టలేదు. నాన్న మర్నాటి నుంచి పనిలోకి వెళ్లాడు, మావయ్యని మళ్లీ తీసుకోలేదు. ఆయన తోపుడుబండి మీద కూరగాయలు అమ్మాడు. నాన్న బతికున్నంత కాలం మా ఇంట్లోకి కూరగాయ ఆ బండి మీది నుంచి తప్ప రాలేదు.

అందుకే 1909లో సంతకం పెట్టిన ఆటగాళ్లని పిరికివాళ్లని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్ల ఇళ్లలోనూ ఏదో ఒక డబ్బా అడుగంటి ఉంటుంది. కానీ సంతకం పెట్టనివాడికి మిగతావాళ్లు ఎంత బాకీ పడతారో కూడా నాకు తెలుసు. మా ఇంట్లో ఆ బాకీ కూరగాయల రూపంలో తీరుతూ ఉండేది.

రాబర్ట్స్ ఏం పణంగా పెట్టాడో చూడండి. అప్పట్లో ఒక క్లబ్బుకి ఏళ్ల తరబడి ఆడితే బెనిఫిట్ మ్యాచ్ పెట్టి వచ్చిన డబ్బు ఆటగాడికి ఇచ్చేవారు. రాబర్ట్స్‌కి ఆ వంతు వచ్చింది, 500 పౌండ్లకి హామీ కూడా ఉంది. పైకప్పు జీతం లెక్కన రెండేళ్లకు మించిన సంపాదన. సస్పెన్షన్ ఎత్తేయకపోతే అది పోతుంది, జీతం పోతుంది, ఆటే పోతుంది. అప్పటికి అతనికి 26 ఏళ్లు. లీగ్ గెలిచిన కెప్టెన్, కప్పు గెలిచిన కెప్టెన్. సంతకం పెట్టినా ఎవరూ పెద్దగా తప్పుపట్టేవారు కాదు.

ఆ వేసవి గురించి రాబర్ట్స్ తర్వాత రాసుకున్న ఒక సంఘటన నాకు కళ్లకు కట్టినట్టుంటుంది. జీతాల రోజున ఆటగాళ్లు క్లబ్బు ఆఫీసుకెళ్లారు. డబ్బు లేదన్నారు. టర్న్‌బుల్ లేచి, గోడకి వేలాడుతున్న అద్దం తీసి చంకలో పెట్టుకుని నడిచాడు. కప్ ఫైనల్లో గోల్ కొట్టిన మనిషి! మిగతావాళ్లూ తలా ఒక వస్తువు పట్టుకుని అతని వెనకే వెళ్లారు. అప్పులవాళ్లు వచ్చి జప్తు చేసినట్టు గోడలు బోసిపోయాయి. రాబర్ట్స్ ఒక్కడే వెనక ఆగి, ఆఫీసులో ఉన్నాయన కోపం చల్లార్చి, తర్వాత ఆ వస్తువులన్నీ తిరిగి తెప్పించాడు. తనకూ జీతం అందలేదు. అయినా తన వాళ్ల కోపం దొంగతనంగా మారకుండా చూసుకున్నాడు. కెప్టెన్ అంటే నా మనసులో ఈ మనిషే.

క్లబ్బు మైదానంలోకి రానివ్వకపోవడంతో వాళ్లు ఫాలోఫీల్డ్‌లో సొంతంగా ప్రాక్టీసు మొదలుపెట్టారు. ఫొటో అక్కడిదే. ఎవర్టన్ ఆటగాడు టిమ్ కోల్‌మన్ ఈ క్లబ్బువాడు కాకపోయినా వచ్చి వీళ్ల పక్కన నిలబడ్డాడు. ఆ తెగువని తక్కువ చేసి చూడకూడదు. జట్టుతో కలిసి నిలబడడం ఒక ఎత్తు, పక్క ఊరి నుంచి ఒక్కడే వచ్చి నిలబడడం ఇంకో ఎత్తు. మెల్లగా మిగతా క్లబ్బుల్లోనూ కదలిక వచ్చింది. సీజన్ ముంచుకొస్తోంది. ఆగస్టు 31న బర్మింగ్‌హామ్‌లో అసోసియేషన్ దిగొచ్చింది, యూనియన్‌ని మళ్లీ గుర్తించింది, సస్పెన్షన్లు ఎత్తేశారు. మర్నాడు బ్రాడ్‌ఫర్డ్ సిటీతో మ్యాచ్‌కి యునైటెడ్ ఆటగాళ్లు చేతులకి యూనియన్ పట్టీలు కట్టుకుని దిగారు. గెలిచారు కూడా.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ ఆ ఏడాది ముగిసేలోపే, కార్మిక సంఘాల సమాఖ్యతో కలిసి ఉండాలా వద్దా అని యూనియన్ సభ్యులు ఓటేసుకున్నారు. బయటికి వచ్చేద్దామన్నవాళ్లు 470, ఉందామన్నవాళ్లు 172. రాబర్ట్స్ గుండె పగిలింది. ఆ సమాఖ్యే మా కుడిభుజం, చేతిలో ఉన్న ఒక్క బలాన్నీ మనవాళ్లే వదిలేసుకున్నారు అన్నది అతని బాధ. చరిత్రకారులు చాలామంది దీన్ని చూపించి, 1909 నిజానికి ఓటమేనని అంటారు. జీతం పరిమితి పోలేదు, 1910లో 5 పౌండ్లకి పెరిగిందంతే. అట్టిపెట్టుకునే పద్ధతి చెక్కుచెదరలేదు. 1912లో హెర్బర్ట్ కింగబీ అనే ఆటగాడి తరఫున ఆస్టన్ విల్లా క్లబ్బు మీద యూనియన్ కోర్టుకెళ్లి ఓడి, ఖర్చులతో దివాళా అంచుకు చేరింది.

నేను దీన్ని ఓటమి అనను. ఆ వేసవిలో యునైటెడ్ ఆటగాళ్లు కూడా సంతకం పెట్టి ఉంటే రెండో యూనియన్ కూడా మొదటిదానిలాగే కొన్నేళ్లకే పోయేది. పోలేదు. ఆ సంఘమే పేరు మార్చుకుని, 1961లో జిమ్మీ హిల్ నాయకత్వంలో సమ్మె నోటీసిచ్చి జీతం పరిమితిని రద్దు చేయించింది. 1963లో జార్జ్ ఈస్టమ్ అనే ఆటగాడి కేసులో అట్టిపెట్టుకునే పద్ధతిని కోర్టు తప్పు పట్టింది, అతని వెనక నిలబడిందీ ఈ సంఘమే. యాభై ఏళ్లు పట్టిందని ఓటమి అనేస్తే, విత్తనం నాటినవాడు పండు తినలేదు కాబట్టి విత్తనమే వృథా అన్నట్టుంటుంది. మన దగ్గర ఏటా ఐపీఎల్ వేలం పాటని టీవీలో పండగలా చూస్తాం. క్రికెటర్ల సంఘమంటూ 2019లో ఒకటి వచ్చింది కానీ అది రిటైరైనవాళ్లకే. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల తరఫున మాట్లాడే సంఘం మనకి ఇంకా లేదు. కోట్లు పలుకుతున్నాయి కదా, వాళ్లకేం లోటు అంటారు. సరిగ్గా నాలుగు పౌండ్ల గురించి అన్న మాటే.

రాబర్ట్స్‌కి జరిగిన ఇంకో అన్యాయం ఇంగ్లండ్ జట్టు విషయం. అతను ఇంగ్లండ్‌కి ఆడినవి మూడే మ్యాచ్‌లు, మూడూ 1905లోనే. యూనియన్ పెట్టాడని కక్షగట్టి తీసేశారని అందరూ రాస్తారు. నేనూ మొదట నమ్మాను. కానీ తేదీలు చూస్తే పూర్తిగా పొసగదు. ఆఖరి మ్యాచ్ 1905 ఏప్రిల్‌లో, యూనియన్ పుట్టింది 1907 డిసెంబర్‌లో. మధ్యలో రెండున్నరేళ్లకు పైగా అతన్ని పిలవనేలేదు. పైగా 1907 నుంచి ఆ స్థానంలో బ్రిస్టల్ సిటీ ఆటగాడు బిల్లీ వెడ్‌లాక్ పాతుకుపోయాడు. మంచి ఆటగాడు, 26 మ్యాచ్‌లు ఆడాడు. 1909 ఫైనల్లో రాబర్ట్స్‌కి ఎదురుగా నిలబడ్డ సెంటర్ హాఫ్ అతనే. మనం అభిమానించే మనిషి కోసమైనా సరే లెక్క తప్పు చెప్పకూడదు.

అయినా ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. 1905లో యునైటెడ్ ఉన్నది రెండో డివిజన్‌లో. రెండో డివిజన్ ఆటగాడు ఇంగ్లండ్‌కి పనికొచ్చాడు. ఆ మనిషే మొదటి డివిజన్ గెలిపించాక, కప్పు గెలిపించాక, మళ్లీ లీగ్ గెలిపించాక ఒక్క మ్యాచ్‌కి కూడా పనికిరాలేదు! జట్టుని ఎంపిక చేసేది అసోసియేషన్ కమిటీ. పొట్టి నిక్కరుతో మొదలైన చిరాకు యూనియన్‌తో గట్టిపడి ఉంటుందన్నది నా అభిప్రాయం. రుజువు చూపలేను, కానీ వెడ్‌లాక్ ఒక్కడి ఆటతో ఈ లెక్క తేలదు.

1913లో యునైటెడ్ అతన్ని ఓల్డమ్ అథ్లెటిక్‌కి 1500 పౌండ్లకి అమ్మేసింది. వారానికి ఐదు పౌండ్ల లెక్కన 300 వారాల జీతం. ఏ వ్యవస్థ మీద ఇన్నేళ్లు కొట్లాడాడో, ఆ వ్యవస్థే చివరికి అతన్నీ సరుకులా చేతులు మార్చింది. ఓల్డమ్‌లోనూ కెప్టెన్ అయ్యాడు. 1914-15 సీజన్‌లో ఆ చిన్న ఊరి క్లబ్బు లీగ్ అంచుదాకా వెళ్లి, ఆఖరి మ్యాచ్‌ల్లో తడబడి, ఎవర్టన్‌కి ఒక్క పాయింటు తేడాలో రెండో స్థానంలో ఆగిపోయింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం ముదిరి లీగ్ ఆగింది. అద్దం చంకలో పెట్టుకెళ్లిన టర్న్‌బుల్ 1917లో ఫ్రాన్స్‌లోని ఆరాస్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. యుద్ధం అయ్యాక రాబర్ట్స్ 1921లో ఓల్డమ్‌కి మేనేజర్‌గా ఉండి చూశాడు కానీ నచ్చక మరుసటి ఏడాదే వదిలేశాడు.

ఆ తర్వాత మాంచెస్టర్‌లో పొగాకు వ్యాపారం చేసుకుంటూ బతికాడు. 1939 ఆగస్టులో చనిపోయాడు, 56 ఏళ్లు. తను అమ్మే పొగాకు సరుకులో ఒకదానికి డక్రోబెల్ అని పేరు పెట్టాడు. డక్‌వర్త్, రాబర్ట్స్, బెల్. ఎప్పటిలాగే కుడిపక్క ఒకరు, ఎడమపక్క ఒకరు, మధ్యలో తన పేరులోంచి ఒక్క అక్షరం.